బతుకమ్మను పేర్చినదెవరు?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



హైదరాబాదు చూడబోయిన వాళ్ళలో సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా తిరిగివచ్చిన వాళ్ళు తక్కువ. 1951లో తెరిచిన ఆ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ వుంది. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కినది. రాతిలో పల్చటి బట్టను, ఆ బట్ట వెనక ముఖాన్ని ఎట్లా చూపించాడా అని ఎంతసేపైనా నిలబడి చూడాలనిపిస్తుంది. చూడడమే గాని ముట్టుకోవడానికి వీల్లేదు. అది న్యాయమే. లక్షలమంది లక్షల వేళ్ళు తగిలితే పాలరాయి కూడా అరుగుతుంది. కళ అంటే మనకు అలవాటయిన అర్థం ఇదే. ఒకరు చేస్తారు, పదిమంది దూరంగా నిలబడి చూస్తారు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది దానికి తిరగబడిన కళ సంగతి. వచ్చినవాళ్ళు చెయ్యి వేస్తేనే పూర్తి అయ్యే కళ. చెయ్యి వెయ్యకపోతే అసలు లేనట్టే. విదేశాల్లో దీన్ని గురించి పెద్ద పెద్ద పుస్తకాలే రాశారు. బ్రెజిల్ దేశంలో లీజియా క్లార్క్ అనే ఆవిడ 1960లో రేకు ముక్కలకు మడతబందులు వేసి, ఎటు తిప్పితే అటు ఆకారం మారే బొమ్మలు చేశారు. చూడవచ్చినవాళ్ళే వాటిని చేతుల్లోకి తీసుకుని, విప్పి, మడిచి ఆడుకోవాలి. జపాను చిత్రకారిణి యాయోయి కుసామా 2002లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పిల్లలకోసం ఒక గది తయారుచేశారు. గోడలు, బల్లలు, కుర్చీలు, సామాను సమస్తం తెల్ల రంగే. లోపలికి వచ్చిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ రంగురంగుల చుక్కల బిళ్ళలు ఇస్తారు. ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ అంటించాలి. కొన్నాళ్ళకు ఆ తెల్లగది హోలీ ఆడినట్టు అయిపోయింది. ఆ గది చేసింది ఆవిడా, పిల్లలా అంటే ఏం చెబుతాం?

ఒక ముచ్చట చెప్పాలి. లీజియా క్లార్క్ చేసిన అసలు రేకుబొమ్మలకు ఇప్పుడు వెల పెరిగిపోయి, చాలా మ్యూజియాల్లో వాటిని అద్దాల వెనక పెట్టేశారు. తాకడానికి నకళ్ళు ఇస్తారు. ఆడుకోమని చేసిన వస్తువు చివరికి ముట్టుకోరాని వస్తువే అయింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీంతో పని పడుతుంది.

ఇదంతా విన్నప్పుడు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల ఆడవాళ్ళకు నవ్వొస్తుంది. ఏటేటా పెత్రమాస మొదలు తొమ్మిది రోజులు మనం చేసేది మరేమిటి? మన పాలమూరు ఊళ్ళలో బతుకమ్మ ఎన్నడు పుట్టిందో తెలిసి ఆడినవాళ్ళు లేరు. ధర్మాంగదుడనే రాజు, సత్యవతి అనే రాణి నూరుగురు కొడుకులను పోగొట్టుకుని నోములు నోస్తే లక్ష్మీదేవే కూతురై పుట్టిందని, ఆ పిల్ల బతకాలని బతుకమ్మ అని పిలిచారని ఒక కథ. వేములవాడ గుడిలోని శివలింగాన్ని చోళులు తంజావూరుకు తరలించుకుపోతే జనం పూలు కుప్పగా పోసి తమ దుఃఖం చెప్పుకున్నారని మరొక కథ. కథ ఏదైనా అందులో పోగొట్టుకోవడం వుంది, దాని తర్వాత పూలు వున్నాయి. నాకు మాత్రం కథలకన్నా ఆ పేర్చే పద్ధతి మీదనే ధ్యాస ఎక్కువ. దాన్ని ఎవరు ఆలోచించి పెట్టారోగాని, మహా తెలివైన వాళ్ళు.

ఎట్లాగంటారా? ముందు వస్తువు చూడండి. తంగేడు గుట్టలమీద, బీళ్ళలో, బాటల పక్కన ఎవరూ నాటకుండానే పూస్తుంది. తెలంగాణ వచ్చాక 2014లో దాన్ని రాష్ట్ర పుష్పం చేశారు గాని అంతకు ముందు అది మేకలు కూడా ముట్టని చెట్టు. గునుగు జొన్నచేలలో కలుపు. రైతు పీకి గట్టుమీద పారేసేది. వీటికి తోడు కట్లపూలు, గుమ్మడిపూలు, బంతి, చామంతి, సీతమ్మజడ. మొదటి నాలుగూ డబ్బు పెట్టి కొనేవి కావు. అంటే, పట్టుచీర వున్నామె, ముతకచీర వున్నామె ఒకే గుట్టమీద ఒకే పువ్వు కోసుకోవలసిందే. ఈ పూలు చెరువు నీళ్ళను శుభ్రం చేస్తాయని, వైద్యగుణాలున్నాయని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. ఉండొచ్చు. కాని ఖర్చు లేకపోవడమే ఆ పూలలోని పెద్ద గుణమని నా అభిప్రాయం.

తర్వాత పేర్చడం. సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడాకులు పరుస్తారు. అంచు చుట్టూ తంగేడు గుండ్రంగా ఒక వరస. మధ్యలో ఆకులు, తుంచిన కాడలు కూరి గట్టి చేస్తారు. దానిమీద గునుగు వరస. గునుగుపూల కాడలు సమానంగా కత్తిరించి, కట్టలు కట్టి, కొనలను రంగునీళ్ళలో ముంచితే ఎరుపు, నీలం, పచ్చ ఏది కావాలంటే అది. వరస మీద వరస, కిందినుంచి పైకి సన్నబడుతూ పోతుంది. కొసన గుమ్మడిపువ్వు, పక్కన తమలపాకులో పసుపు గౌరమ్మ. నియమాలు అంతే, వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కింద వెడల్పు, పైన సన్నం, గుండ్రన, కొసన గౌరమ్మ. మిగతాదంతా పేర్చేవాళ్ళ ఇష్టం. ఏ రంగు తర్వాత ఏ రంగు, ఎన్ని వరసలు, నడుమ కట్లపూల చారలు పెట్టాలా వద్దా, ఇవన్నీ అక్కడికక్కడ తేలుతాయి. అత్తగారు ఒక మాట, కోడలు ఒక మాట, నడుమ చిన్నపిల్ల వచ్చి తాను తెచ్చిన నాలుగు బంతిపూలు ఎక్కడైనా పెట్టమని మారాం చేస్తుంది. పెట్టాల్సిందే. పెడితే బాగుండదని అనడానికి లేదు.

నియమం మరీ ఎక్కువైతే చేసేవాళ్ళకు పని మాత్రమే మిగులుతుంది, ఆట మిగలదు. నియమం అసలే లేకపోతే కొత్తగా వచ్చినామె బిత్తరపోయి ఓ మూల నిలబడుతుంది. ఈ రెంటికీ మధ్య వున్న సందులోనే మన పెద్దవాళ్ళు బతుకమ్మను నిలబెట్టారు. పాత గుళ్ళ మండపాల్లో, రచ్చబండల రాళ్ళమీద గీసి వుండే పులి-మేక గీతలు చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు, కాసిని గీతలు. రాయి చెక్కినవాడు అంతవరకే చేసి లేచిపోయాడు. ఆ తర్వాత అక్కడ జరిగిన ఆటలన్నీ కూచున్నవాళ్ళవి. గద్వాల చీరతో పోల్చి చూసినా తెలుస్తుంది. నూలు ఒడలు, పట్టు అంచు, రెండూ విడివిడిగా కనిపించకుండా కలిపే కుప్పడం పని. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చీర నేసిన చేతులకు నేను దణ్ణం పెడతాను. కాని మగ్గంమీద నుంచి దిగినాక అందులో ఒక పోగు నేను కలపలేను. కట్టుకోగలను, అంతే. బతుకమ్మ దగ్గర అట్లా కాదు.

ఇక పాట. దీనిలోనే అసలు మర్మమంతా వుంది. ఒకామె ఒక ముక్క అంటుంది, చుట్టూ వున్నవాళ్ళు దాన్ని అందుకుంటారు. ప్రతి ముక్క చివరా ఉయ్యాలో అనో, కోల్ అనో, చందమామ అనో, గౌరమ్మ అనో వస్తుంది. పాట తెలియకపోయినా ఉయ్యాలో అనడం మూడేళ్ళ పిల్లకు కూడా వస్తుంది. అంటే పాట లోపలికి రావడానికి గడప చాలా తక్కువ ఎత్తులో పెట్టారన్నమాట. అడుగులూ అంతే. ఒంగడం, చప్పట్లు, లేవడం, ఒక అడుగు పక్కకు వెయ్యడం. నడుము నొప్పి వున్న ముసలామె చప్పట్లతో సరిపెట్టుకున్నా ఆటలో వున్నట్టే. ముక్క మరీ పొట్టిది కావడంవల్ల ఇంకో మేలు వుంది. చెప్పే ఆమెకు మిగతావాళ్ళు ఉయ్యాలో అనేలోపు తర్వాతి ముక్క ఆలోచించుకోవడానికి వ్యవధి చిక్కుతుంది. ఆ వ్యవధిలోనే కవిత్వం పుడుతుంది. మాటవరసకు, ఒక ఊళ్ళో సాయంత్రం బస్సు రాలేదు, పుట్టింటికి రావలసిన పిల్ల ఇంకా చేరలేదు అనుకోండి. పాట చెప్పే ఆమె ఊరుకుంటుందా? "బస్సు రాకపాయె ఉయ్యాలో, బాట చూస్తుంటిమి ఉయ్యాలో" అని అప్పటికప్పుడు అంటుంది. ఆ పిల్ల తల్లి కన్నీళ్ళు తుడుచుకుంటూ అదే ముక్క అందుకుంటుంది. అంతకు ముందు ముక్క సీతమ్మ వనవాసం గురించి అయి వుండవచ్చు. సీతమ్మకూ బస్సుకూ మధ్య ఎవరికీ అతుకు కనిపించదు.

ఇట్లా అప్పటికప్పుడు చెప్పడాన్ని మన సంస్థానాల్లో చాలా గౌరవంగా చూసేవారు. కాని ఎవరు చెబితే? గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. పండితులు, కవులు దేశం నలుమూలలనుంచి వచ్చి సన్మానాలు పొందేవారు. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసినవారే. అవధానం కూడా నేను చెప్పే జాతికి చెందిన కళే. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపులనుంచి అవధానిని పట్టుకుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలు ఇచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, ఒకరు అక్షరానికో అడ్డం వేస్తారు, ఒకరు మధ్యలో ఏదో అప్రస్తుతం మాట్లాడి ఆయన ధారణ చెడగొట్టాలని చూస్తారు. అడిగేవాళ్ళు లేకపోతే పద్యమే లేదు. అడ్డం ఎంత గట్టిదైతే పద్యం అంత రుచి. కాని ఆ రోజుల్లో ఆ సభల్లో అడిగే కుర్చీలూ మగవారివే, చెప్పే పీఠమూ మగవారిదే. శాలువా కప్పించుకున్న పద్యాలు కాగితం మీదికి ఎక్కాయి. కోట గోడ బయట అప్పటికప్పుడు పుట్టిన ఉయ్యాల పాట మర్నాటికి మరుపులో కలిసిపోయింది. 1924 నుంచి 1949 దాకా గద్వాలను ఏలినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ అనే స్త్రీయే. పండితులకు ఆవిడ కాలంలోనూ ఆదరం తగ్గలేదు. బతుకమ్మ పాట చెప్పిన ఆమెకు అగ్రహారం ఇచ్చిన రాజు మాత్రం ఏ సంస్థానంలోనూ వున్నట్టు ఎవరూ రాయలేదు. నేను ఫిర్యాదుగా అనడంలేదు, జరిగిన సంగతి అంటున్నాను. అగ్రహారం ఇస్తే బహుశా పాట కూడా వేరే రకంగా తయారయ్యేదేమో.

ఈ లోటును మొదట గట్టిగా పట్టించుకున్నవారిలో మన ప్రాంతం మనిషే వున్నారు, సురవరం ప్రతాపరెడ్డి గారు. గోలకొండ పత్రిక నడిపి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. 1949లో వారు వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజుల యుద్ధాలను పక్కకు జరిపి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని అడిగింది. ఆటలు కూడా చరిత్రే అని ఒక పండితుడు అనడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. రెడ్డిగారు మాత్రం 1953లోనే కన్నుమూశారు. ఆ తర్వాత బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి, స్త్రీల పాటలను విశ్వవిద్యాలయం గుమ్మం దాటించారు.

బతుకమ్మకంటే ముందు బొడ్డెమ్మ వస్తుంది. పెళ్ళికాని పిల్లల ఆట. భాద్రపద బహుళంలో పిల్లలే పుట్టమన్ను తెచ్చి, తొక్కి, మెట్లు మెట్లుగా గద్దె కట్టి, ఎర్రమన్నుతో అలికి, పూలతో అలంకరించి చుట్టూ తిరుగుతారు. పెద్దవాళ్ళు ఎంతవరకు సాయం చెయ్యాలో అంతవరకే చేస్తారు. వంకర వచ్చినా వంకరగానే వుంచుతారు. అమావాస్యకు బొడ్డెమ్మను నీళ్ళలో కలిపేసి, పిల్లలు పెద్దవాళ్ళ వరసలోకి వచ్చి నిలబడతారు. ఇప్పటి చదువుల భాషలో చెప్పాలంటే ఒకటి ఒకటో తరగతి, మరొకటి రెండో తరగతి. మా ప్రాంతంలో చాలా ఊళ్ళలో బొడ్డెమ్మ కనుమరుగైపోతున్నది. పిల్లలకు మట్టి తొక్కే తీరిక లేదు, తల్లులకు బట్టలు ఉతికే ఓపిక లేదు. ఒకటో తరగతి ఎత్తేస్తే రెండో తరగతిలో పాట ఎవరు చెబుతారు?

తొమ్మిది రోజులకూ తొమ్మిది పేర్లున్నాయి. ఎంగిలిపూలతో మొదలై, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరోనాడు అమ్మవారు అలుగుతుంది గనుక నైవేద్యం వుండదు. పిమ్మట వేపకాయలు, వెన్నముద్దలు, చివర సద్దులు. సద్దులనాడు పెరుగు, పులిహోర, నువ్వులు, కొబ్బరి కలిపిన అన్నాలు, రొట్టె బెల్లం కలిపిన మలీద. వీటి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి ఘట్టం. మూడు పూటలు కష్టపడి పేర్చినదాన్ని నెత్తిన పెట్టుకునిపోయి చెరువులో వదిలేస్తాం. నాగర్‌కర్నూలు వాళ్ళు కేసరిసముద్రంలో, శ్రీరంగాపూర్ వాళ్ళు రంగనాయకస్వామి గుడి చుట్టూ వున్న రంగసముద్రంలో, గద్వాల వైపు వాళ్ళు కృష్ణలో. పాలరాతి రెబెక్కాను నూట యాభై ఏళ్ళు కాపాడారు. బతుకమ్మను కాపాడడానికి ఎవరూ ప్రయత్నించరు. కాపాడితే వచ్చే ఏడు పేర్చేందుకు ఏం మిగులుతుంది? ఎవరిది బాగుంది, ఎవరిది చిన్నది అన్న పోటీ కూడా నీళ్ళలో కలిసిపోతుంది. లీజియా క్లార్క్ బొమ్మలకు పట్టిన అద్దాలపెట్టె గతి దీనికి పట్టకపోవడానికి కారణం ఇదే.

కృష్ణ అంటే గుర్తుకొచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు, 1980ల మొదట్లో, మన వైపు కొల్లాపురం, అలంపురం తాలూకాల్లో కృష్ణ, తుంగభద్ర ఒడ్డు ఊళ్ళు ఎన్నో నీట మునిగాయి. పాత గుళ్ళను మాత్రం పురావస్తుశాఖవారు రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, బండ్లకెత్తి, ఎత్తు ప్రదేశాల్లో మళ్ళీ అదే వరసలో నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అట్లాగే అలంపురం చేరింది. గొప్ప పని, చూసి తీరవలసిన పని. కాని ఆ ఊళ్ళ ఆడవాళ్ళ బతుకమ్మకు నంబరు వెయ్యడానికి రాళ్ళు లేవు. అది మనుషులతోనే నడిచిపోయింది. ఒక కుటుంబం ఒక ఊరికి, మరో కుటుంబం ఇంకో ఊరికి, కొందరు పట్నానికి. పువ్వు ఎక్కడైనా దొరికింది, పేర్చే చెయ్యి కూడా వెంట వచ్చింది. ఏళ్ళతరబడి ఒకరి ముక్క ఒకరు అందుకుంటూ తిరిగిన గుండ్రం మాత్రం విడిపోయింది. పాట చెప్పే ఆమె ఒక ఊళ్ళో, అందుకునేవాళ్ళు మరో ఊళ్ళో. గుడిని మళ్ళీ కట్టినట్టు గుండ్రాన్ని మళ్ళీ కట్టే శాఖ ఏ ప్రభుత్వంలోనూ లేదు.

పాలమూరు లేబరు అని పేరుపడిన మన మట్టిపనివాళ్ళు కూడా అంతే. దేశంలో ఎక్కడ ఆనకట్టలు, కాలువలు కట్టినా తట్ట మోసింది వీళ్ళే. వాళ్ళలో ఆడవాళ్ళు పండుగకు ఊరికి రాగలిగితే వచ్చేవారు, రాలేకపోతే గుడిసెల మధ్యనే నాలుగు పూలు పేర్చుకునేవారు. చేతికి దొరికిన పువ్వే పువ్వు. ఈనాడు అమెరికాలో, లండన్‌లో, దుబాయిలో వున్న మన పిల్లలు తంగేడు దొరక్క అక్కడి అంగట్లో దొరికిన పూలతో, కొన్నిచోట్ల కాగితం పూలతో పేరుస్తున్నారని కొందరు ముక్కు విరుస్తారు. నేను విరవను. తట్ట మోసిన అమ్మలు చేసిందే వాళ్ళూ చేస్తున్నారు.

ముక్కు విరవవలసిన చోటు వేరే వుంది. గుండ్రం అందరిదీ అన్నాను. నిజంగా అందరిదా? చాలా ఊళ్ళలో ఒక్కొక్క వాడ ఆడవాళ్ళు వేరేవేరేగా ఆడుకోవడమే రివాజు. దళితవాడ బతుకమ్మ వేరు, ఊరి బతుకమ్మ వేరు. చెరువులో కూడా వదిలే చోటు వేరుగా వుండేది. భర్త పోయిన ఆమె పాటలు చెప్పడంలో అందరికన్నా మేటి కావచ్చు, పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకునే వేళకు ఆమె తానే వెనక్కి జరిగిపోయేది. ఆమెను జరగమని ఎవరూ పైకి అననక్కరలేదు. పాట గడప ఎంత తగ్గించినా, మనిషికీ మనిషికీ మధ్య వేరే గడపలు కట్టుకున్నాం. తంగేడుపువ్వు ఏ వాడ ఆడదాని చేతినీ కాదనలేదు. ఇది ఇప్పుడు పూర్తిగా పోయిందని నేను అనను. పట్టణాల్లో, కాలనీల్లో చాలా సడలింది. ఊళ్ళలో ఇంకా కొంత వుంది.

గడపలు దాటిన రోజులు కూడా చరిత్రలో వున్నాయి. 1946 నుంచి 1951 దాకా జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఉయ్యాల బాణీలో పోరాటం పాటలు కట్టారు. వెట్టి చాకిరీ గురించీ, దొరల గడీల గురించీ ఆ బాణీ చెప్పగలిగింది. ఎందుకంటే ఆ పాటలో ఎప్పుడూ ఒక సందు ఖాళీగానే వుంటుంది, ఎవరి కష్టమైనా అందులో పడుతుంది. మళ్ళీ 2011లో సకల జనుల సమ్మె రోజుల్లో బతుకమ్మ పండుగ వచ్చింది. ఆడవాళ్ళు రోడ్లమీదనే పేర్చి ఆడారు. బస్సులు ఆగిన బాట మీద బతుకమ్మ ఆడటం అప్పటి మాట. 2014లో రాష్ట్రం వచ్చాక దీన్ని రాష్ట్ర పండుగ చేశారు. 2016లో మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ వేరే వేరే జిల్లాలయ్యాయి. జిల్లాకొక కలెక్టరు, కలెక్టరాఫీసుకొక బతుకమ్మ. గౌరవం దక్కింది, సంతోషమే.

కాని గౌరవంతోబాటు వచ్చిన రెండు సంగతులు నా మనసుకు ఎక్కలేదు. ఒకటి పెద్దరికం. 2025 సెప్టెంబరులో హైదరాబాదు సరూర్‌నగర్ స్టేడియంలో అరవై అడుగులు దాటిన బతుకమ్మను నిలబెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. పేర్చినవాళ్ళ శ్రమకు నమస్కారం. అయితే అంత ఎత్తు బతుకమ్మకు నిచ్చెనలు, ఇనుప చట్రాలు కావాలి. నెత్తిన పెట్టుకుని చెరువుకు పోయేది కాదది. నాలుగు బంతిపూలు పట్టుకుని వచ్చిన చిన్నపిల్ల ఎక్కడ పెట్టాలి? తల వెనక్కి వాల్చి చూడాలి, అంతే. మళ్ళీ రెబెక్కా ముందర నిలబడ్డట్టే అయింది.

రెండోది పెట్టెల చప్పుడు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి ప్రతి వీధిలోనూ మనిషెత్తు స్పీకర్లు దిగుతాయి. సినిమాకు రాసినట్టు రాసి, మంచి గొంతుతో పాడించి, డప్పులు చేర్చిన పాటలు వస్తాయి. పిల్లలకు ఉత్సాహం, కాదనను. పాటలు బాగానే వుంటాయి కూడా. కాని స్పీకరు మనం ఉయ్యాలో అనేదాకా ఆగదు. బస్సు రాలేదని దానికి తెలియదు. ఆ తల్లి కన్నీళ్ళు దానికి కనిపించవు. దానికి మన అందుకోవడం అక్కరలేదు. చప్పుడు అంత పెద్దదైనప్పుడు మధ్యలో ఒకామె కొత్త ముక్క అందామన్నా పక్కామెకు వినబడదు. పది పన్నెండేళ్ళు ఇట్లా నడిస్తే ముక్క పుట్టించే ఆ కాస్త వ్యవధి ఎట్లా వాడుకోవాలో మరిచిపోతాం. ఒళ్ళు ఆడుతుంది, నోరు ఊరుకుంటుంది.

రేడియోలో కూచుని రికార్డు పాటను నిందిస్తున్నదేమిటి ఈవిడ అని మీరు నవ్వుకుంటూ వుండవచ్చు. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసిన నాటినుంచి, హైదరాబాదు కేంద్రం పల్లెపాటలను జాగ్రత్త చేస్తూనే వున్నది. ఆ పని లేకపోతే ఎన్నో పాటలు మనకు మిగిలేవి కావు. రికార్డు చేసినది జ్ఞాపకానికి పనికివస్తుంది. ఎవరిదో పాత పాట విని, దాని నడక పట్టుకుని, అందులో మన ఇంటి మాట పెట్టుకోవచ్చు. రికార్డు నేర్పాలి గాని మన బదులు ఆడకూడదు, నా గొడవంతా అదే.

ఈ మధ్య వనపర్తి వైపు ఒక కాలనీలో ఆడవాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారని విన్నాను. స్పీకరు వాళ్ళూ మానలేదు. పిల్లలు ఒప్పుకోరట. ముందు ఒక గంట నోటి పాటకు, తర్వాత స్పీకరు. నోటి పాట గంటలో ప్రతిరోజూ ఒక కొత్త మనిషి కనీసం రెండు ముక్కలు చెప్పాలి. వచ్చిన పాటైనా సరే, అప్పుడు కట్టినదైనా సరే. తప్పు పోతే అందరూ ఉయ్యాలో అని గట్టిగా అనేసి ఆ తప్పును కప్పేస్తారు. మొదటిరోజు ఎవరూ ముందుకు రాలేదట. మూడోరోజు, పక్కవీధినుంచి కూరలమ్మే ఆమె గంప దింపి, ధరలమీద ఆరు ముక్కలు కట్టి చెప్పిందట. టమాటాల ధర దగ్గర అందరూ నవ్వు ఆపుకోలేక ఆట ఆపేసి నిలబడ్డారట. మర్నాడు ఆమె రాలేదు. ఆమె ఇంటికి ఇద్దరు మనుషులను పంపి పిలిపించుకున్నారు.

ఈ ఏటి పెత్రమాసకు మీ వీధిలో పాట ఎవరు చెబుతున్నారో, కొత్తగా ఏ ముక్కలు కట్టారో ఈ కార్యక్రమానికి ఉత్తరం రాయండి. ఉత్తరంతోబాటు ఆ ముక్కలు కూడా రాసి పంపితే మంచిది, ఎవరు కట్టారో వారి పేరుతో సహా. సెలవు.